సెంటుకు ఆడా మగా ఉండదు

నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు పోతే, అత్తరు అమ్మే చోట కాసేపు నిలబడి చూడండి. అమ్మేతను దూది చుట్టిన పుల్లను సీసాలో ముంచి, అడిగినవాళ్ల ముంజేతి మీద సన్నగా గీస్తాడు. తాత అడిగినా, చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లి అడిగినా, కాలేజీ పోరగాళ్లు అడిగినా అదే సీసా, అదే పుల్ల. పాతకాలం వాళ్లు చిన్న దూది ఉండను అత్తరులో తడిపి చెవి మడతలో పెట్టుకుంటారు. ఇది మగవాళ్లదా, ఆడవాళ్లదా అన్న ప్రశ్నే అక్కడ రాదు. క్లాక్ టవర్ వైపు షాపుల్లోకి వెళ్తే మాత్రం సెంటు సీసాలు ‘ఫర్ మెన్’, ‘ఫర్ విమెన్’ అని విడిపోయి కనిపిస్తాయి. రసాయనశాస్త్రం వైపు నుంచి చూస్తే ఉర్సులో అత్తరు అమ్మేవాళ్ల పద్ధతే సరైనది.

యూరప్‌లో కూడా ఈ గోడ మొదటి నుంచీ ఇంత గట్టిగా లేదు. ఫ్రాన్సుకు చెందిన గెర్లాన్ కంపెనీ 1889లో ‘జికీ’ అనే సెంటు తెచ్చింది. ప్రయోగశాలలో తయారైన కూమరిన్, వెనిలిన్ అనే వాసన పదార్థాలు వాడిన తొలి సెంట్లలో అదొకటి. దాన్ని ఆడవాళ్లూ పూసుకున్నారు, మగవాళ్లూ పూసుకున్నారు. ఇద్దరికీ పనికొస్తుందని చెప్పి మరీ అమ్మిన ‘సీకే వన్’ 1994లో వచ్చింది. అదేదో కొత్త ఆలోచన అన్నట్టు ప్రపంచమంతా మాట్లాడుకుంది!

ఇంతకీ సీసాలో ఏముంటుంది? నల్లగొండ బత్తాయి తోటల నుంచే మొదలుపెడదాం. బత్తాయి తొక్కను దీపం మంట దగ్గర పెట్టి గట్టిగా మడిచి చూడండి. చిటపటమంటూ చిన్న చిన్న మెరుపులు లేస్తాయి. తొక్కలోని నూనె తిత్తులు పగిలి, ఆ తుంపరకు నిప్పు అంటుకుంటుంది. ఆ నూనెలో చాలా భాగం లిమొనీన్ అనే పదార్థం. దాని అణుభారం 136 మాత్రమే. గాలిలోకి ఇట్టే లేచిపోతుంది కాబట్టి సెంటు కొట్టగానే ముందు ముక్కుకు తగిలేది ఇలాంటి పదార్థాలే. పావుగంట, అరగంటలో వాటి పని అయిపోతుంది. గంధం నూనెలోని శాంటలాల్ అణుభారం 220. దాని అణువులు బరువైనవి, పైగా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. అందుకే అది నిదానంగా, గంటల తరబడి ఆవిరవుతుంది. వట్టివేళ్ల నూనెదీ ఇదే గుణం. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో అత్తరు చేసేవాళ్లు ఈ సంగతిని తరాలుగా వాడుకుంటున్నారు. రాగి పాత్రలో గులాబీలు, నీళ్లు పోసి కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధం నూనె ఉన్న పాత్రలోకి పంపుతారు. త్వరగా ఎగిరిపోయే గులాబీ వాసనను గంధం పట్టి ఉంచుతుంది.

గాఢమైన యూనిసెక్స్ సెంట్లు, అంటే ఆడా మగా ఇద్దరూ పూసుకునేవి, చాలావరకు ఈ బరువైన సరుకు మీదే నిలబడతాయి. గంధం, వట్టివేరు, అగరు, ఆంబర్. సెంట్లలో ఆంబర్ అంటే ఒకే పదార్థం కాదు. ఒక రకం పొద నుంచి వచ్చే లాబ్డనమ్ అనే జిగురు, సాంబ్రాణి, వెనీలా లాంటివి కలిపి కట్టిన వాసన అది. సాంబ్రాణి మనకు కొత్త కాదు కదా. లావోస్, సుమత్రా వైపు పెరిగే స్టైరాక్స్ చెట్ల బెరడుకు గాటు పెడితే కారి గట్టిపడే జిగురే సాంబ్రాణి. అందులో సహజంగానే వెనిలిన్ ఉంటుంది, ఐస్‌క్రీమ్‌లో మనకు తెలిసిన ఆ తీపి వాసన. పాలమూరు, నల్లగొండ ఊళ్లలో పసిపిల్లకు తలంటు పోశాక వేసే పొగ సాంబ్రాణి పొగ. దేవుడి అర్రలో అదే. పీర్ల పండుగకు పీరీల ముందు ఊదు పొగ. ఇలాంటి వాసనలతో పెరిగినవాళ్లకు ఆంబర్ సెంటు పూసుకున్న మనిషి పక్కన కూర్చుంటే మగతనమో ఆడతనమో గుర్తుకు రాదు. నిదానం, శుభ్రం, పెద్దరికం గుర్తుకొస్తాయి.

ఈ గుర్తుకు రావడం వెనక శరీర నిర్మాణం ఉంది. చూపు, వినికిడి మెదడులోని థలామస్ అనే మజిలీ దాటి ముందుకు పోతాయి. వాసన మాత్రం ముక్కు పైనున్న ఘ్రాణ కందం నుంచి ఆ మజిలీలో ఆగకుండానే భావోద్వేగాలు చూసే అమిగ్డలాకు చేరుతుంది. జ్ఞాపకాలు చూసే హిప్పోకాంపస్ కూడా అక్కడికి దగ్గరే. కాబట్టి వాసన పేరు తట్టకముందే దాని తాలూకు భావం మనసుకు తట్టేస్తుంది.

అయితే ఒకే సెంటు అందరికీ ఒకేలా అనిపించదు. వాసనలను పట్టే గ్రాహకాల జన్యువులను లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో కనుగొన్నారు, 2004లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మనిషిలో ఇలాంటి గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటిలో చిన్న తేడాలున్నా వాసన మారిపోతుంది. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి మూత్రపు కంపు, కొందరికి తీపి వాసన, కొందరికి అసలు వాసనే లేదు. దీనికి ఒకే గ్రాహక జన్యువులోని తేడాలు చాలావరకు కారణమని 2007లో తేలింది. నీ సెంటు బాగాలేదని ఎవరైనా అంటే కోపం తెచ్చుకోకండి. వాళ్ల ముక్కుకు అది నిజంగానే వేరే సెంటు కావచ్చు.

మరి వ్యక్తిత్వం మాటేమిటి? నాకు బాగా నచ్చిన ప్రయోగం 2009లో బ్రిటన్‌లో జరిగింది. కొందరు మగవాళ్లకు సువాసన ఉన్న స్ప్రే, మిగిలినవాళ్లకు సువాసన లేనిది ఇచ్చారు. తర్వాత వాళ్లను వీడియో తీసి, శబ్దం లేకుండా ఆడవాళ్లకు చూపించారు. వీడియోలో వాసన ఎలాగూ రాదు. అయినా సువాసన పూసుకున్నవాళ్లే ఎక్కువ ఆకర్షణగా ఉన్నారని చూసినవాళ్లు చెప్పారు. ఫొటోల్లో మాత్రం ఆ తేడా కనిపించలేదు. అంటే మారింది ముఖం కాదు, మనిషి కదిలే తీరు. సెంటు ముందు పనిచేసేది పూసుకున్నవాళ్ల మీదే.

2012లో చెక్ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. మనిషి తనకు తాను ఎంచుకున్న సెంటు తన ఒంటి వాసనతో కలిసినప్పుడు, పరిశోధకులు ఇచ్చిన సెంటు కలిసినప్పటి కంటే ఇతరులకు బాగా నచ్చింది. గిఫ్టు సెంట్ల విషయంలో నాకు మొదటి నుంచీ అనుమానమే, ఇది చదివాక అది ఇంకా గట్టిపడింది.

కాబట్టి షాపులో కాగితం పట్టీ మీద వాసన చూసి కొనకండి. లేబుల్ మీద ఎవరి బొమ్మ ఉందో చూడకండి. ముంజేతి మీద కొద్దిగా రాయించుకుని బజార్లో మీ మిగతా పనులు చూసుకోండి. బత్తాయి లాంటి పై వాసనలు ఎగిరిపోయి, రెండు గంటల తర్వాత మిగిలినదే రోజంతా మీతో ఉండే సెంటు. ఎండాకాలంలో ఇంకా జాగ్రత్త అవసరం. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడికి అణువులు వేగంగా లేస్తాయి, చలికాలంలో హాయిగా అనిపించిన అగరు సెంటు కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో పక్కవాళ్లకు తలనొప్పి అవుతుంది. ఆ రెండు నెలలు ఒక్క చుక్క వట్టివేరు అత్తరు చాలు.