లిస్టులో డిక్షనరీలు, లూప్ తిప్పలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పైథాన్‌లో అపెండ్ చేస్తే (లిస్టు చివర చేరిస్తే) డిక్షనరీ, అంటే కీ-విలువల జతల మూట, కాపీ అయి లిస్టులోకి వెళ్తుంది.

వాస్తవం: వెళ్లదు. పైథాన్ లిస్టులో చేరేది ఆ డిక్షనరీకి రిఫరెన్స్, అంటే అదెక్కడుందో చూపే గుర్తు మాత్రమే. కొత్తవాళ్లను గంటల తరబడి తిప్పలు పెట్టేది ఈ అపోహే. లూప్‌కి పైన ‘రో’ అని ఖాళీ డిక్షనరీ ఒకటి పెట్టుకుంటారు. లూప్‌లో దాన్లోనే పేరు, మార్కులు నింపి లిస్టుకి అపెండ్ చేస్తుంటారు. రవి 45, లత 60, సలీం 72 ఇచ్చి చివర్లో ప్రింట్ చేస్తే మూడుసార్లూ సలీం 72! ఎర్రర్ రాదు, లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పే లెన్ కూడా 3 అనే చూపిస్తుంది. దాంతో అనుమానం ఫైలు మీదికో డేటాబేస్ మీదికో పోతుంది. "పైథాన్ పాడైంది, మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యి" అనే ఉచిత సలహాలు సరేసరి. అవి వదిలేయండి. కంగారు పడకండి, తేడా ఒక్క లైన్‌లోనే ఉంది.

ఉన్నది ఒకటే డిక్షనరీ, లిస్టులోని మూడు స్థానాలూ దాన్నే చూపిస్తున్నాయి. రెండో రౌండులో లత పేరు రాయగానే రవి చెరిగిపోయాడు. నమ్మకం కుదరకపోతే మొదటి రెండు ఐటమ్‌లకూ గుర్తింపు నంబరు చెప్పే ఐడీ ఫంక్షన్ పెట్టి చూడండి, ఒకే నంబరు వస్తుంది.

ఖాళీ డిక్షనరీ తయారుచేసే లైన్‌ను లూప్ లోపల మొదటి లైన్‌గా జరిపితే సరి. డిక్షనరీకి డాట్ కాపీ (.copy()) పెట్టి ఆ నకలును అపెండ్ చేసినా నడుస్తుంది. కాకపోతే ఆ కాపీ పైపైనే: లోపల మార్కుల లిస్టు ఉంటే అది ఇంకా ఉమ్మడిదే. దానికి కాపీ మాడ్యూల్‌లోని, లోపలివాటినీ నకలు తీసే డీప్‌కాపీ కావాలి. ఒక ఖాళీ డిక్షనరీ ఉన్న లిస్టును 3తో గుణించినా ఇదే తంతు.

అపోహ: ఫర్ లూప్‌లో మార్చినవి అసలు లిస్టుకి అంటవు.

వాస్తవం: కీకి కొత్త విలువ ఇస్తే అసలుదే మారుతుంది, స్థానం నంబర్లతో లూప్ తిప్పే రేంజ్-లెన్ హడావుడి అనవసరం. లూప్ వేరియబుల్‌కే కొత్త డిక్షనరీ ఇస్తే మాత్రం లిస్టులో ఏమీ మారదు. అప్పుడు ఎన్యూమరేట్‌తో ఇండెక్స్ (స్థానం నంబరు) తీసుకుని ఆ స్థానంలో పెట్టాలి.

మిగతావి గబగబా. ఇండెక్స్ ఇంటిజర్ కావాలంటూ టైప్ఎర్రర్ వస్తే, ఒక్కో రికార్డును వదిలేసి లిస్టునే కీతో అడుగుతున్నారన్నమాట. ఏదో ఒక రికార్డులో కీ లేక కీఎర్రర్ వస్తే, కీ లేకపోయినా ఎర్రర్ ఇవ్వని గెట్ వాడండి, కూడికలుంటే డిఫాల్ట్‌గా 0 ఇవ్వండి, లేకపోతే నన్ (None, ‘ఏమీ లేదు’) వచ్చి కూడిక దగ్గర ఆగిపోతుంది. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ కీలు చేర్చిన వరసలోనే వస్తాయి, వరస మారుతుందన్న భయం అక్కర్లేదు. లూప్ తిరుగుతుండగా అదే లిస్టులోంచి రిమూవ్ చేయకండి: పక్కపక్కనే ఉన్న రెండు ఫెయిల్ రికార్డుల్లో రెండోది మిగిలిపోతుంది. పాసైనవాటితో లిస్ట్ కాంప్రహెన్షన్‌లో (ఒక్క లైన్‌లోనే లిస్టు కట్టే పద్ధతిలో) కొత్త లిస్టు కట్టుకోండి.