ఆ గోడకి సిమెంటు పూయకండి: అపోహలు - వాస్తవాలు

క్రిస్మస్ దగ్గర పడితే చాలు, పాత కట్టడాల మరమ్మతులు చూసే నాకు ఏదో ఒక పాత చర్చి కమిటీ పెద్దాయన ఫోన్ చేస్తారు. "గోడ పెచ్చులూడుతోందండీ. సిమెంటు కొడితే వందేళ్లు కదలదని మేస్త్రీ అంటున్నాడు. కొట్టించమంటారా?"

వద్దండీ బాబూ.

పాత కట్టడానికి సిమెంటే బలం అన్న మాట చేసినంత నష్టం తుఫాన్లు కూడా చేయలేదు. చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిని చూడండి. 1678లో మొదలుపెట్టి 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించారు. గోడల మందం నాలుగడుగులు. కప్పు కమానులా తిప్పిన ఇటుక కట్టడం, ఫిరంగి గుండ్లకు తట్టుకోవాలని రెండడుగుల మందాన కట్టారు. ఇప్పుడు మనం వాడే పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చిందే 1824లో, అంటే ఆ సిమెంటు లేకుండానే కట్టారు!

సున్నంతో కట్టిన పాత గోడ చెమ్మ పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుపోయి ఇటుకని పిండి చేస్తుంది. బయటికి మాత్రం గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది.

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తలో, కోస్తాలోని ఓ చిన్న చర్చిలో, ఈస్టర్ తొందరలో సరే అనేశాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత పలకలా ఊడింది, దాంతోపాటు అరంగుళం ఇటుక కూడా. అక్కడి అయ్యగారు ఒక్క మాట అనలేదు, టీ ఇచ్చారు. తిట్టినా బాగుండేది.

ముందు నీళ్లెక్కడ దిగుతున్నాయో చూడండి: తూము, పైపు, గోడలో మొలిచిన రావి. తర్వాతే డంగు సున్నంతో (ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం) పూత, పొర ఆరాకే మరో పొర.

మిగతా అపోహలు గబగబా. "రక్షిత కట్టడమైతే మన ఇల్లు లాగేసుకుంటారు." లేదు, టెన్షన్ పడకండి. కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు, ఉన్న ఇంటి మరమ్మతుకు అనుమతి అడగవచ్చు. ఆపై రెండు వందల మీటర్లలో ఏదైనా కట్టుకోవాలన్నా అనుమతి ఉండాలి. "సెయింట్ మేరీస్ ఆవరణలో పరిచిన సమాధి రాళ్ల కింద శవాలున్నాయి, దయ్యాలు తిరుగుతాయి." ఆ రాళ్లు వేరే శ్మశానం నుంచి తెచ్చినవి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచివాళ్లు అక్కడి సమాధుల చాటున నక్కి కాల్చారని తర్వాత వాటిని తీయించేశారు. ఈస్టిండియా కంపెనీ రాబర్ట్ క్లైవ్ పెళ్లి సెయింట్ మేరీస్‌లోనే జరిగిందన్నది మాత్రం పుకారు కాదు, 1753లో జరిగింది.

పండక్కి ఏం చేయాలంటారా? మీది రక్షిత కట్టడమైతే ముందు పురావస్తు శాఖని అడగండి. కాకపోతే సున్నం వెల్ల వేయించండి, ప్లాస్టిక్ పెయింటు వద్దు. పెచ్చులూడిన చోటు ఈసారికి అలాగే కనబడనివ్వండి. అది ఇంకా ఆరాలి.