బడిలో ఎల్లయ్య, సంఘంలో ఏలీయా

డోర్నకల్, మహబూబాబాద్ వైపు దళితవాడల్లో ఒకే పిల్లాడికి రెండు పేర్లుండటం కొత్తేమీ కాదు. బడి రిజిస్టర్లో ఎల్లయ్య, చర్చి సంఘం రిజిస్టర్లో ఏలీయా. మొదటి పేరుతో తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే ఎస్సీ సర్టిఫికెట్ వస్తుంది. బాప్తిస్మం తీసుకున్నానని చెబితే బీసీ-సీ, అంటే క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను ఉంచిన వెనుకబడిన తరగతుల విభాగం. రిజర్వేషన్ ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఎడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఆ ఇళ్లలో ఇదే టెన్షన్. దీన్ని మోసమని తేల్చేసేవాళ్లున్నారు. ఆ మాట అనేముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు బిషప్ అయ్యారు. ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊళ్లో ఒకరింట్లో ఒకరు నీళ్లు ముట్టేవాళ్లు కాదు. అలాంటివాళ్లు ప్రభు బల్ల ముందు, అంటే క్రీస్తును తలచుకుని రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, పక్కపక్కన మోకరించి, ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగాలి. ఎంగిలి దగ్గరే కులం కాపు కాసే చోట అదెంత పెద్ద మాటో మనవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కేథడ్రల్‌ చూసినా ఆయన మనసు తెలుస్తుంది: గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాన్ని తలపించే స్తంభాలు.

1932లో బ్రిటిష్ ప్రభుత్వం భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు (క్రైస్తవులే ఓటేసి తమ ప్రతినిధిని ఎన్నుకునేవి) ఇస్తానంటే అజరయ్య వద్దన్నారు. ఆయన అభ్యంతరం విశ్వాసంలోంచి పుట్టింది. సంఘం ఓట్ల కోసం కూడగట్టిన వర్గం కాదు. అలా మారితే ప్రతి బాప్తిస్మమూ రాజకీయ లెక్కే అవుతుంది. మతమార్పిడుల మీద గాంధీకీ ఆయనకూ గట్టి పేచీ ఉండేది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే వైపు.

ఆయన 1945లో కన్నుమూశారు. 1949లో రాజ్యాంగ సభ క్రైస్తవ సభ్యులూ ఆ దారే పట్టారు. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, జెస్యూట్ ఫాదర్ జెరోమ్ డిసౌజా లాంటివారు చట్టసభల్లో రిజర్వుడు సీట్లు లేకపోయినా ఫర్వాలేదన్నారు. మతప్రచార హక్కు 25వ అధికరణలో నిలిచింది.

1950 ఆగస్టు 10న ఎస్సీలు ఎవరో తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు మాత్రం, మీ మతంలో కులం లేదు కదా అన్నదే జవాబు. నన్ను బాధపెట్టేది ఇదే. ఆ మాట మన పల్పిట్ మీదనుంచి మనం చెప్పిందే. క్రీస్తులో దాసుడని, స్వతంత్రుడని తేడా లేదని పౌలు గలతీయులకు రాసింది, విశ్వాసి రోజూ నిలబెట్టుకోవాల్సిన మాట. చట్టం దాన్ని ఎప్పుడో జరిగిపోయిన పనిగా రాసేసుకుంది.

1985 నాటి సూసై కేసు చూడండి. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆదిద్రావిడుడు ఆయన. తోటి పనివాళ్లకు సర్కారు ఉచితంగా బంకులు (చిన్న కొట్లు) ఇచ్చింది. క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కులం మిగిలిందని చూపితే చాలదు, ఆ అణచివేత అంతే తీవ్రంగా కొనసాగుతోందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది.

రుజువు చేయాలంటే ముందు సంఘం తన ఇల్లు చూపించాలి, లోపల మిగిలిన కులాన్ని బయటపెట్టాలి. 1980ల్లో అరవింద్ నిర్మల్ వంటి దళిత క్రైస్తవ వేదాంతులు ఆ పని మొదలుపెట్టారు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. 2022లో కేంద్రం, మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వొచ్చా అన్నది పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. అలాంటి కమిషన్ ముందుకు వెళ్లే సంఘ పెద్దలు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ముందు ఏం అడుగుతారో, ఏ వాడవాళ్లు ఏ చర్చికి వెళ్తారో దాచకుండా చెప్పాలి. అజరయ్య బల్ల దగ్గర మొదలుపెట్టిన పని ఎక్కడ ఆగిపోయిందో కూడా చెప్పాలి.