కోయని కళేబరం

లక్ష్మీపూర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "చచ్చిన పశువు మాంసాన్ని బాగా ఉడికించి తింటే ఆంత్రాక్స్ వస్తుందా?" ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఇది ఊహలోంచి పుట్టిన ప్రశ్న కాదు. చచ్చిన పశువును కోసి పంచుకుని, మిగిలిన మాంసం ఎండబెట్టుకున్న పల్లెల్లో మనుషులకు నల్లపుండ్లు లేవడం ఇక్కడ ఏళ్ళ తరబడి నమోదవుతూనే ఉంది. ఆ పుండ్లు ఆంత్రాక్స్ అనే బాక్టీరియా జబ్బువి; అదే పశువులకు వస్తే రైతులు దొమ్మరోగం అంటారు.

కుండ పొయ్యెక్కకముందే, కత్తి దిగిన క్షణంలోనే ప్రమాదం మొదలవుతుందన్నది నా జవాబు. ఎందుకో చెబుతాను. ఈ బాక్టీరియా చేసే పనుల్లో నన్ను అన్నిటికన్నా అబ్బురపరిచేది ఇదే.

జబ్బుపడిన పశువు చనిపోయేసరికి దాని రక్తం నిండా బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే ఆ బాక్టీరియా కడ్డీలుంటాయి. కళేబరాన్ని కదపకుండా వదిలేస్తే లోపల ఆక్సిజన్ అయిపోతుంది, పేగుల్లోని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు విజృంభిస్తాయి, ఈ కడ్డీలు వాటి ధాటికి కొద్ది రోజుల్లోనే నశిస్తాయి. కత్తి పడి రక్తం నేల మీద ఒలికితే మాత్రం గాలి తగులుతుంది, తిండి తరుగుతుంది. అప్పుడు కడ్డీ మధ్యలో కాకుండా ఒక కొసన అడ్డుగోడ కట్టుకుంటుంది. పెద్ద గది చిన్న గదిని మింగుతుంది. కణంలో కణం! ఇక తల్లికణం తన దగ్గరున్నదంతా బిడ్డకే ఖర్చుపెడుతుంది. చుట్టూ బాక్టీరియా గోడల్లో ఉండే పెప్టిడోగ్లైకాన్‌తో ఒక పొర, దానిపై ప్రోటీన్ కవచాలు కడుతుంది. లోపలికి కాల్షియం డైపికోలినేట్ అనే లవణాన్ని ఎక్కించి నీటిని వెళ్ళగొడుతుంది. డీఎన్ఏను చిన్న ప్రోటీన్లు చుట్టేస్తాయి. కొన్ని గంటల్లో తల్లికణం పగిలి సిద్ధబీజం (స్పోర్) బయటపడుతుంది.

విత్తనానికి దాచిన చోళ్ళలాంటిదే ఇదీ: ఎండినది, మూసుకున్నది, తడి కోసం కాచుకున్నది. అయితే చోళ్ళు నిల్వలో కూడా కాస్త ఊపిరి తీస్తాయి. సిద్ధబీజంలో జీవక్రియ దాదాపు ఆగిపోతుంది. చోళ్ళు కొన్నేళ్ళకు మొలకశక్తి కోల్పోతాయి, ఇది దశాబ్దాలు నిలుస్తుంది. స్కాట్లాండ్ దగ్గరి గ్రుయినార్డ్ దీవిలో 1942లో బ్రిటిష్ సైన్యం ఆంత్రాక్స్ బాంబులు పరీక్షించింది. 1986లో నేలంతా ఫార్మాల్డిహైడ్‌తో తడిపారు, 1990లో గాని ఆ దీవి సురక్షితమని ప్రకటించలేదు.

వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్ళో ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న రాబర్ట్ కోచ్, ఎద్దు కంటి ద్రవపు చుక్కలో ఈ కడ్డీలు పొడవాటి దారాలై, వాటిలో మెరిసే పూసల్లా సిద్ధబీజాలు ఏర్పడడం కళ్ళారా చూశాడు. 1876లో దాన్ని ప్రచురించాడు. బడిలో బాక్టీరియా వ్యాధుల జాబితా బట్టీ పట్టించే బదులు ఈ ఒక్క చుక్క కథ చెబితే పిల్లలు మరచిపోరు.

ఇక ఉడికించే సంగతి. కడ్డీలు వేడికి తేలిగ్గా చస్తాయి, సిద్ధబీజాలు మొండివి. పైగా 870 మీటర్ల ఎత్తునున్న కోరాపుట్‌లో నీళ్ళు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. కోసిన చేతికి గీరుకుపోయిన చోటుంటే చాలు, బీజం అక్కడే మొలకెత్తుతుంది.

తర్వాత విషం. మొలకెత్తిన బాక్టీరియా వదిలే రక్షక ప్రతిజనకం అనే ప్రోటీన్ మన కణానికి అతుక్కోగానే ఫ్యూరిన్ ఎంజైమ్ దాన్ని కోస్తుంది, ఏడు ముక్కలు ఉంగరంలా చేరతాయి, దాని మీదెక్కి మరో రెండు ప్రోటీన్లు కణంలో దిగుతాయి. ఒకటి కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచి వాపు తెస్తుంది, రెండోది కణ సంకేతాలను తెంచుతుంది. దురద పుట్టిన పొక్కు నీరుపట్టి, చుట్టూ వాచి, నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు, అందుకే అశ్రద్ధ చేస్తారు. అమ్మవారి కోపమని మొక్కుకునేవారి బాధను నేను తక్కువ చేయను, మొక్కు తీర్చుకునే రోజే ఆస్పత్రికీ వెళ్ళమంటాను. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు వేళకు పడితే చర్మపు ఆంత్రాక్స్‌లో మరణాలు చాలా అరుదు. మందు మొదలుపెట్టాక కూడా పుండు నల్లబడుతుంది. మందు పనిచేయలేదనుకుని మానేయకూడదు. మాంసం తిన్నాక జ్వరం, వాంతులు, రక్త విరేచనాలైతే అది మరింత ప్రాణాంతకం.

హఠాత్తుగా చచ్చిన పశువు ముక్కునుంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లరక్తం కారుతుంటే తోలు కూడా ఒలవకుండా పశువైద్యుడికి కబురు పెట్టాలి. మిగతా మందకు ఏటా టీకా వేయించాలి. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ రూపొందించిన ఆ టీకాలో ఉన్నవీ బతికున్న సిద్ధబీజాలే, కాకపోతే బాక్టీరియాను తెల్లకణాల నుంచి కాపాడే తొడుగు కోల్పోయిన రకం. అవి పశువులో మొలకెత్తి, తెల్లకణాలకు దొరికిపోయేలోగా విషాన్ని గుర్తుపట్టడం శరీరానికి నేర్పుతాయి. అందుకే టీకా వేసిన రోజుల్లో పశువుకు యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, ఇస్తే మొలకెత్తిన ఆ బాక్టీరియా చచ్చి టీకా వృథా అవుతుంది.