వెనక బెంచీ తగవు: కదలని బల్లల వెనక ముప్పై ఏళ్ల కథ

తరగతి గదిలో వెనక బెంచీ ఉండాలా వద్దా అన్న వాదన మళ్లీ రాజుకుంది. 2025లో ఒక మలయాళ సినిమాలోని సన్నివేశం చూసి కేరళలోని కొన్ని బడులు బెంచీలను గోడల వెంబడి జరిపి, పిల్లలందరినీ ఒకే వరుసలోకి తెచ్చాయి. ఆ జులైలోనే తమిళనాడు పాఠశాల విద్యాశాఖ, పై మూత లేని పెట్టెలా ఉండే తమిళ అక్షరం ‘ప’ ఆకారంలో పిల్లలను కూర్చోబెట్టాలని ఆదేశించింది. పక్కకు తిరిగి చూసే పిల్లల మెడల గురించి, ఇరుకు గదుల గురించి విమర్శలు రావడంతో వెనక్కి తగ్గింది. హైదరాబాద్ జిల్లాలోని ప్రభుత్వ బడులలోనూ యూ ఆకారపు అమరికను ప్రయత్నించారు. అప్పటి నుంచి బడులు తెరిచే వేళ వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ పైకి వస్తోంది.

ఇరుపక్షాలూ బెంచీలు ఏ ఆకారంలో ఉండాలన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ గదిలో జరిగే చదువు ఎలాంటిది, ఆ చదువు కోసం పిల్లవాడు గదిలో ఎక్కడెక్కడికి వెళ్లవలసి ఉంటుంది, వెళ్లలేని పిల్లవాడి మాటేమిటి అన్న ప్రశ్నలు వాదనలోకి రావడం లేదు. వీధి బడులు, అరుగు బడులు, చెట్టు కింద పాఠాలు, 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, ఇవన్నీ చాలామందికి తెలిసిన కథలే కనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. నేటి తగవుకు అసలు ముడి 1995 ప్రాంతంలో, మన మదనపల్లె దగ్గర పడింది.

అప్పటి చిత్తూరు జిల్లాలో, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిచేవి. ఒక్కో బడికి ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని. అయిదు తరగతుల పిల్లలూ ఆ ఒక్క గదిలోనే. గ్రామీణ విద్యా విభాగాన్ని నడిపిన వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ దంపతులు ఈ ఇబ్బందినే పద్ధతిగా మలిచారు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఏ కార్డు తర్వాత ఏ కార్డు చేయాలో చూపే ‘అభ్యసన నిచ్చెన’ను గోడకు తగిలించారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు ఉంటుంది. పిల్ల బడికి రాగానే నిచ్చెన దగ్గరికి వెళ్లి తానెక్కడ ఆగిందో చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తీసుకుంటుంది, ఆ కార్డు ఏ గుంపులో కూర్చోమంటే ఆ గుంపులోకి వెళ్తుంది. టీచరు దగ్గరుండి నేర్పవలసిన వారు ఒకచోట, కొద్దిపాటి సాయం చాలేవారు మరోచోట, తోటివారి సాయంతో చేసుకునేవారు ఇంకోచోట, తమంతట తాము చేసుకోగలవారు వేరొకచోట చేరతారు. ఒక కార్డు పూర్తయితే చోటు మారుతుంది. నిన్న టీచరు పక్కన కూర్చున్న పిల్ల ఇవాళ ఎవరి సాయమూ లేని గుంపులో ఉండవచ్చు, రేపు మళ్లీ టీచరు దగ్గరికే రావచ్చు.

అలాంటి గదిలో ‘వెనక’ అనే దిక్కే లేదు. ఎవరూ బెంచీలను ప్రత్యేకంగా తీసివేయలేదు. చదువే కదలాడేది కావడంతో బెంచీకి అక్కడ పని లేకుండా పోయింది. చాపలు, పొట్టి బల్లలు, పిల్లల చేతికందే ఎత్తులో కార్డుల అరలు, గోడ పొడవునా పిల్లలు రాసుకునే నల్లబల్లలు మిగిలాయి.

1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా నుంచి కొందరు ప్రభుత్వ ఉపాధ్యాయులు ఈ బడులు చూడడానికి వచ్చారు. తిరిగి వెళ్లి యునిసెఫ్ సాయంతో తమ బడులలో మొదలుపెట్టినదే ‘నలి కలి’. ఆడుతూ నేర్చుకోమని ఆ కన్నడ మాటకు అర్థం. 2009–10 నాటికి అది కర్ణాటక రాష్ట్రమంతటి చిన్న తరగతులకూ చేరింది. 2003లో చెన్నై నగరపాలక సంస్థ కమిషనరుగా ఉన్న ఎం.పి. విజయకుమార్ తమ ఉపాధ్యాయులను రిషి వ్యాలీకి పంపి, మొదట 13 బడులలో ఈ కార్డుల పద్ధతిని ‘కృత్యాధార బోధన’ పేరుతో ప్రారంభించారు. 2007 నుంచి అది తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పద్ధతి అయింది.

చెన్నై బడులలో గదికి జరిగిన మార్పును కాస్త దగ్గరగా చూడాలి. నాలుగు గోడల అడుగుభాగమంతా నల్లరంగు పూసి, ప్రతి పిల్లకూ తనదైన జాగా గీత గీసి ఇచ్చారు. ఏడేళ్ల పిల్ల నేల మీద కూర్చుని చేయి చాపితే అందే ఎత్తది. పైన ఈ గోడ నుంచి ఆ గోడకు తీగలు కట్టి, పిల్లలు గీసినవీ రాసినవీ వాటికి తగిలించారు. దాన్ని వాళ్లు కంబి పందల్ అన్నారు, అంటే తీగల పందిరి. టీచరు కుర్చీ గది మధ్య నుంచి పోయింది, ఆమె కూడా చాప మీదికి దిగింది. ఆ పద్ధతి మీద రాత పని ఎక్కువైందని, గదిలో పిల్లలు ఎక్కువైతే సాగదని ఉపాధ్యాయులు చెప్పిన ఫిర్యాదుల్లో నిజముంది, తర్వాతి ఏళ్లలో దాన్ని సరళం చేశారు కూడా. అయితే పిల్లల స్థాయిని బట్టి గుంపులు కట్టే అలవాటు అక్కడ పూర్తిగా పోలేదు. 2022లో మొదలైన ‘ఎణ్ణుం ఎళుత్తుం’ కార్యక్రమంలో పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ (చిరుమొగ్గ, మొగ్గ, పువ్వు) అనే మూడు గుంపులుగా చేశారు.

పొరుగు రాష్ట్రాలు రెండూ మన నేల మీద పుట్టిన పద్ధతిని రాష్ట్రమంతటా పరుచుకుంటుంటే, మనం మాత్రం గదిని వేరే దారిన నడిపించాం. 1980ల నుంచి బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కూడా గుంపు పని, చేసి నేర్చుకోవడం, పిల్లల పనిని గోడ మీద ప్రదర్శించడం అనే సూత్రాల మీదే నిలిచింది. ఆ శిక్షణలు పొందిన ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. ఆ పథకం ముగిశాక గుంపులూ చెదిరాయి. నేల మీది చాప మాత్రం మిగిలింది, అదీ పద్ధతిగా కాదు, లేమిగా.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. బల్ల కావాలని కోరుకున్న తల్లిదండ్రులది తప్పు కాదు. కాన్వెంటులో పిల్లలు బెంచీ మీద, సర్కారు బడిలో పిల్లలు గచ్చు మీద కూర్చోవడం పేదరికానికి అందరికీ కనిపించే గుర్తయింది. కులం వల్ల బడి బయట, గుమ్మం దగ్గర, చివరి వరుసలో కూర్చున్న తాతల జ్ఞాపకం ఉన్న ఇళ్లలో నేల మీద కూర్చోవడం గురించి ఎవరూ మురిపెంగా మాట్లాడరు. వానాకాలం చెమ్మకు గచ్చు చల్లబడి పిల్లలకు జలుబు చేస్తే ఆ తల్లికి కృత్యాధార బోధన గురించి చెప్పి ఒప్పించలేం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం కూడా ఈ కోరికకు జవాబివ్వలేదు. చట్టం అనుబంధంలో ఉపాధ్యాయుడికొక గది ఉండాలన్నారు, అడ్డంకులు లేని ప్రవేశం ఉండాలన్నారు, మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ ఉండాలన్నారు. గది ఎంత ఉండాలో, అందులో పిల్లలు దేని మీద కూర్చోవాలో ఒక్క మాట లేదు.

ఆ ఖాళీని నింపినది 2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల బాగుసేత పథకం ‘మన బడి నాడు–నేడు’. మొదటి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లకు నీళ్లు, తాగునీరు, కరెంటు, ఫ్యాన్లు, రంగులు, గ్రీన్ చాక్‌బోర్డులతో పాటు పిల్లలకు, ఉపాధ్యాయులకు ఫర్నిచర్ కూడా ఆ జాబితాలో ఉంది. మరమ్మతు పనులు తల్లిదండ్రుల కమిటీల చేతుల్లో పెట్టారు, ఫర్నిచర్‌ను మాత్రం రాష్ట్ర స్థాయిలో టెండర్లు పిలిచి కొన్నారు. నా అంచనాలో అసలు మలుపు ఇదే. గోడకు ఏ రంగు వేయాలో, నీటి తొట్టి ఎక్కడ పెట్టాలో ఊరు మాట్లాడుకుంది. పిల్లవాడు రోజుకు ఆరేడు గంటలు దేని మీద కూర్చోవాలో మాత్రం ఒక టెండరు పత్రం తేల్చింది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన తెలంగాణ ‘మన ఊరు–మన బడి’ 26,065 బడులను, 12 రకాల పనులను లెక్కలోకి తీసుకుంది. అక్కడా ఫర్నిచర్ అంటే డ్యూయల్ డెస్కే.

ఆ డ్యూయల్ డెస్క్ దగ్గరికి వెళ్లి చూడండి. ఇనుప గొట్టాల చట్రం. దాని మీద రాసుకునే పలక, దాని కింద సంచీ పెట్టుకునే అర, అదే చట్రానికి వెల్డింగ్ చేసిన ఇద్దరి ఆసనం. బల్లకూ ఆసనానికీ మధ్య దూరం మార్చడానికి లేదు. గోడ వైపు కూర్చున్న పిల్ల బయటికి రావాలంటే పక్క పిల్ల లేవాలి. పక్కకు జరపాలంటే చెరో వైపు ఒకరు పట్టి ఎత్తాలి, లేకపోతే టైల్సు మీద గీసుకుంటూ పక్క గదికి వినబడేంత చప్పుడవుతుంది. చిన్న తరగతి గదిలోకి పెద్ద కొలతది వచ్చిందంటే పిల్ల పాదాలు గాలిలో వేలాడుతుంటాయి, గడ్డం బల్ల అంచుకు ఆనుతుంది. నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఒక కార్డు ఆట ఆడాలంటే ముందు బల్ల వాళ్లు నడుము తిప్పి వెనక్కి వంగాలి. గట్టిగా ఉంటుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది, లెక్కపెట్టడం తేలిక, కనుక కొనేవారికి నచ్చుతుంది. తరగతి గది కుర్చీలు, బల్లలు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం మనకు ఎప్పటి నుంచో ఉంది. వయసును బట్టి ఎత్తు మారాలన్నది బల్ల తయారీలో మొదటి పాఠం.

ఇప్పుడు ఆ గదిలోకి చక్రాల కుర్చీలో ఒక పిల్ల వచ్చిందనుకోండి. గుమ్మం దాకా ర్యాంపు ఉంది, విద్యాహక్కు చట్టం పుణ్యమా అని చాలా బడులలో అది కట్టారు. లోపల రెండు వరుసల మధ్య సందులో కుర్చీ పట్టదు. పట్టినా ఆమె కుర్చీకి కాళ్లు పెట్టుకునే పలక డెస్కు చట్రానికి తగిలి ఆగిపోతుంది, ఆసనం బల్లకే అతుక్కుని ఉంది కనుక దాన్ని తీసి ఆ చోట కుర్చీ పెట్టే వీలు లేదు. ఇక మిగిలినవి రెండే చోట్లు: టీచరు బల్ల పక్కన ఒంటరిగా, లేదంటే అన్ని వరుసల వెనక. కాలికి క్యాలిపర్ (ఆసరాగా కట్టే ఇనుప చట్రం) ఉన్న అబ్బాయి కాలు నడవలోకి చాపుకోవలసిందే, వచ్చేపోయేవారికి తగలకుండా అతడే దాన్ని కాచుకోవాలి. వెనక బెంచీని అల్లరి పిల్లల బెంచీగానే చూసే వాదనలో వీళ్లు ఎక్కడా కనబడరు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రెండు రాష్ట్రాలలోనూ మండలాలలో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడి రిసోర్సు టీచర్లు చేస్తున్న సేవను తక్కువ చేయలేం, ఫిజియోథెరపీ దొరికే చోటు చాలా కుటుంబాలకు అదొక్కటే. కానీ ప్రత్యేక గది ఒకటి ఉందన్న నిశ్చింతతో మామూలు గదిని ముట్టుకోకుండా వదిలేశాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షను భవనాన్ని, ఆవరణను మాత్రమే కాదు, సౌకర్యాలను కూడా అందుబాటులో ఉంచాలని, ఆ విద్యార్థి అవసరానికి తగ్గ సర్దుబాటు చేయాలని, విద్యాసంస్థలు అలా చేసేలా ప్రభుత్వాలు కృషి చేయాలని చెబుతోంది. బల్ల సౌకర్యం కాకపోతే మరేది సౌకర్యం?

యూ ఆకారాన్ని వ్యతిరేకించే ఉపాధ్యాయుల ప్రధాన వాదన గది చాలదన్నది, లెక్క వేస్తే అది సరైనదే. గది 24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉందనుకుందాం, డెస్కు నాలుగు అడుగుల వెడల్పు, ఆసనంతో కలిపి మూడు అడుగుల లోతు ఉందనుకుందాం. బోర్డు ముందు ఆరు అడుగులు వదిలితే వెనక గోడకు అయిదు, పక్క గోడలకు మూడేసి, మొత్తం 11 డెస్కులు పడతాయి. అంటే 22 మంది. పక్క గోడకు తలుపుంటే ఇంకో డెస్కు తగ్గుతుంది. నలభై మంది ఉన్న గదిలో మిగతా వాళ్లు మధ్యలో రెండో వరుస కడతారు, అక్కడ మళ్లీ వెనక బెంచీ పుడుతుంది. అయితే ఈ లెక్క ఓడించేది గుంపు చదువును కాదు, అతికిన బల్లను. అవే కొలతల గదిలో విడివిడి కుర్చీలు, ఇద్దరు పిల్లలు ఎత్తి జరపగల తేలికైన బల్లలు ఉంటే పొద్దున వరుసలుగా, మధ్యాహ్నం గుంపులుగా మార్చుకోవచ్చు, ఒక కుర్చీ తీస్తే చక్రాల కుర్చీకి చోటవుతుంది.

తరగతులు కూడా ఉన్నచోట ఉండడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్ నాటి 117 జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను చాలాచోట్ల ఉన్నత పాఠశాలలకు కలిపారు, 2025లో ఆ జీవోను రద్దు చేసి బడులను మళ్లీ వర్గీకరించారు. మూడేళ్లలో పిల్లలు అటూ ఇటూ మారారు. ఒక్క ఎత్తుకు బిగించిన బల్ల ఎనిమిదేళ్ల పిల్లకూ పదిహేనేళ్ల పిల్లవాడికీ సరిపోవాలని కొనేటప్పుడు ఎవరూ అనుకొని ఉండరు, కానీ జరిగేది అదే.

ఇక మిగిలినది న్యాయస్థానం తెరిచిన దారి. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగుల అందుబాటు ప్రమాణాలను సూచనలుగా వదిలేసిన దివ్యాంగుల హక్కుల నిబంధనలలోని 15వ నిబంధన అసలు చట్టానికి విరుద్ధమని చెప్పి, తప్పక పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు దివ్యాంగ అధ్యయన కేంద్రానిది. గుమ్మం, ర్యాంపు, మరుగుదొడ్డి కొలతల దగ్గరే ఆ ప్రమాణాలు ఆగిపోకుండా గదిలోని బల్ల దాకా రావాలంటే, రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ తమ తర్వాతి ఫర్నిచర్ టెండరు పత్రంలోనే మూడు అంశాలు రాయాలి: ఆసనం బల్ల నుంచి విడిగా ఉండాలి, తరగతిని బట్టి కనీసం మూడు ఎత్తులు ఉండాలి, ప్రతి గదిలో, కిందికి చక్రాల కుర్చీ దూరగల బల్ల ఒకటి ఉండాలి. ఈ మూడింటికీ ఏ సినిమా సన్నివేశమూ అక్కర్లేదు, మదనపల్లె దాకా ఒక్కసారి వెళ్లివస్తే చాలు.