35 వేల పరిమితి: ఫీజు బకాయిల గొడవకు అసలు మూలం 2012లో

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వివాదం మళ్లీ రాజుకుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల్లో చదువు ముగించిన పిల్లలు టీసీ, ఒరిజినల్ మెమోల కోసం కళాశాల ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. ‘సర్కారు నుంచి డబ్బు రాలేదు, ఇప్పుడు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం’ అన్న జవాబే చాలాచోట్ల వినిపిస్తోంది. కట్టలేనివాళ్లు పీజీ అడ్మిషన్‌ను గానీ, చేతికొచ్చిన ఉద్యోగాన్ని గానీ వదులుకోవాల్సి వస్తోంది.

పథకం ఎప్పుడు పుట్టింది, ఎవరు పెట్టారు అన్నది తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. సర్కారు కళాశాలకు బాకీపడితే ఆ బాకీకి విద్యార్థి ఎలా పూచీదారు అయ్యాడన్నదే ఇవాళ్టి ప్రశ్న. దానికి జవాబు 2012లో ఉంది.

అంతకుముందు లెక్క తేలిక. 2010 నుంచి కన్వీనర్ కోటా (ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే) ఇంజినీరింగ్ సీటుకు ఉమ్మడి ఫీజు ఒక్కటే, దాదాపు 31 వేల రూపాయలు. దేవరకొండ పిల్లవాడికి సీటు ఇబ్రహీంపట్నంలో వచ్చినా, హైదరాబాద్‌లో పేరున్న కళాశాలలో వచ్చినా అదే ఫీజు. అర్హత ఉంటే ఆ మొత్తం సర్కారే కట్టేది. కళాశాల కౌంటర్‌లో ట్యూషన్ ఫీజు అన్న మాట అర్హత ఉన్న కన్వీనర్ కోటా విద్యార్థి దగ్గరికి వచ్చేదే కాదు.

ఆ ఉమ్మడి ఫీజు కోర్టుల్లో నిలబడలేదు. ఒక్కో కళాశాల ఖర్చు చూసి దాని ఫీజు దానికి విడిగా నిర్ణయించాల్సి వచ్చింది. 2012–13లో చాలా కళాశాలలు 35 వేల దగ్గరే ఉండగా, పేరున్నవి లక్ష దాటాయి. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఖజానాను కాపాడుకునేందుకు ఒక పరిమితి పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీ)ల్లో ఎంసెట్ ర్యాంకు పది వేల లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35 వేలు మాత్రమే. మిగతాది విద్యార్థి కట్టుకోవాలి. ప్రభుత్వ సంస్థల్లో, గురుకులాల్లో చదివినవాళ్లకు వేరుగా మినహాయింపులు చెప్పారు. అవి తమకు వర్తిస్తాయో లేదో ఆ ఏటి కౌన్సెలింగ్ సూచనల్లోనే చూసుకోవాలి.

చూడ్డానికి అది లెక్కల సర్దుబాటే. కానీ అంతవరకూ సర్కారుకూ కళాశాలకూ మధ్య ఉన్న లావాదేవీలోకి విద్యార్థి బాకీదారుగా వచ్చింది అప్పుడే. తేడా వసూలుకు కౌంటర్ తెరిచారు. సర్కారు వాటా ఆలస్యమైనప్పుడు, అదే కౌంటర్‌లో అదే విద్యార్థి దగ్గర ఆ వాటానూ అడగడం అలవాటైంది. 2012కు ముందు కూడా చెల్లింపులు ఆలస్యమయ్యేవి. కానీ ఆ భారాన్ని విద్యార్థి మీదికి నెట్టడానికి ఇంత సులువైన దారి ఉండేది కాదు.

పది వేల ర్యాంకు నిబంధన ఎవరికి అనుకూలమో వేరే చెప్పనక్కర్లేదు. లక్షలు పోసి హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకున్నవాళ్లతో అచ్చంపేట, కొల్లాపూర్, మక్తల్ పిల్లలు అదే ర్యాంకు కోసం పోటీపడాలి.

తర్వాత ఫీజులు పెరిగాయి, పరిమితి మాత్రం కదల్లేదు. తెలంగాణలో 2022–25 బ్లాకుకు, అంటే ఆ మూడేళ్లకు, ఇంజినీరింగ్ కనీస ఫీజు 45 వేలు, గరిష్ఠం 1.60 లక్షలు. ర్యాంకు పది వేలు దాటిన బీసీ విద్యార్థి కనీస ఫీజు కళాశాలలో చేరినా ఏటా 10 వేలు, నాలుగేళ్లకు 40 వేలు చేతి నుంచి పెట్టాలి. ఫీజు 1.40 లక్షలున్న చోట ఏటా 1,05,000, మొత్తం 4,20,000. బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజులు దీనికి అదనం. ఆదాయ పరిమితి కూడా తక్కువే. బీసీ, ఈబీసీలకు పల్లెలో ఏడాదికి 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు. ఇంట్లో ఇద్దరు ప్రైవేటు జీతగాళ్లుంటే ఆ గీత ఇట్టే దాటిపోతుంది.

రాష్ట్రం వచ్చాక 2014 జూలైలో ‘ఫాస్ట్’ అనే ఫీజు సాయం పథకం పేరుతో, 1956కు ముందు నుంచి ఇక్కడున్న కుటుంబాల పిల్లలే స్థానికులన్న జీవో వచ్చింది, కోర్టు ప్రశ్నించాక వెనక్కిపోయింది. ఆ ఏడాది చర్చ అంతా స్థానికత చుట్టే తిరిగింది. 35 వేల పరిమితిని తిరిగి చూసుకునే అవకాశం అక్కడే చేజారింది.

బకాయి ఎలా పేరుకుంటుందో తెలియాలంటే డబ్బు నడిచే దారి తెలియాలి. విద్యార్థి సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు చేసి, మీసేవలో వేలిముద్ర ఇస్తాడు. కళాశాల దాన్ని పరిశీలించి పైకి పంపుతుంది. సంక్షేమ శాఖ మంజూరు చేశాక బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ నంబరు పడుతుంది. ఇక్కడిదాకా కాగితమే. ఆర్థిక శాఖ నిధులు వదిలితేనే కళాశాల ఖాతాలో డబ్బు పడుతుంది. ‘టోకెన్లు ఇచ్చేశాం’ అని సర్కారు అన్నా, ‘పైసా రాలేదు’ అని యాజమాన్యాలు అన్నా రెండూ నిజమే కావచ్చు. ఆ రెండింటి మధ్యే ఏళ్లు గడుస్తున్నాయి.

2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కళాశాలలు తాళాలు వేశాయి. 2025 సెప్టెంబరులో, మళ్లీ నవంబరులో వృత్తివిద్యా కళాశాలలు బంద్‌కు దిగాయి. ప్రతిసారీ కొంత విడుదల, మరికొంతకు హామీ, బంద్ విరమణ. ఎంత ఎప్పుడు ఇస్తారన్న బేరమే ఆ చర్చల్లో ముందుంది. చదువైపోయినవాళ్ల సర్టిఫికెట్ల సంగతి వెనక్కి పోయింది. ఖజానా ఇబ్బంది, గత ప్రభుత్వం వదిలిన బకాయి అన్నది సర్కారు మాట.

యాజమాన్యాలన్నింటినీ ఒకే గాటన కట్టడం కూడా సరికాదు. శివారు ఇంజినీరింగ్ కళాశాలకు మేనేజ్‌మెంట్ కోటా (యాజమాన్యమే నింపుకునే) 30 శాతం సీట్ల ఆదాయం ఉంటుంది. కల్వకుర్తిలోనో హాలియాలోనో అద్దె భవనంలో నడిచే డిగ్రీ కళాశాలకు ఆ ఆదరువు లేదు. అక్కడ చేరేవాళ్లలో అత్యధికులు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడ్డవాళ్లే. డబ్బు రాకపోతే ముందు ఆగేది అధ్యాపకుల జీతం.

అయినా సర్టిఫికెట్లు ఆపడానికి అది కారణం కాజాలదు. ఒరిజినల్స్ చూసి అప్పటికప్పుడు తిరిగివ్వాలని, విద్యార్థి ధ్రువీకరించిన నకళ్లే ఉంచుకోవాలని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. కళాశాలకు రావాల్సింది సర్కారు దగ్గర. విద్యార్థి పదో తరగతి మెమోను బీరువాలో పెట్టినంత మాత్రాన ట్రెజరీ కదలదు.

ఈ గొడవలో ఉన్న కుటుంబాలు కట్టే ముందు ఒక పని చేయాలి. ఈ-పాస్‌లో దరఖాస్తు నంబరుతో స్థితి చూడాలి. దరఖాస్తు కళాశాల స్థాయిలోనే ఆగి ఉంటే తప్పు సర్కారుది కాదు, పంపని ఆఫీసుది. మంజూరై బిల్లు దశలో ఉంటే ఆ పేజీ ప్రింటు తీసుకుని, సర్టిఫికెట్లు కోరుతూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వక అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. విశ్వవిద్యాలయానికి, అంటే నల్లగొండలో మహాత్మాగాంధీకి, పాలమూరు వైపు పాలమూరుకు, ఇంజినీరింగ్ అయితే చాలావరకు జేఎన్‌టీయూకు వెళ్లే ఫిర్యాదుకు ఆ నకలే ఆధారం. తప్పనిసరై కట్టాల్సి వస్తే రసీదులో ఏ విద్యాసంవత్సరమో, అది ట్యూషన్ ఫీజేనని, రీయింబర్స్‌మెంట్ జమయ్యాక తిరిగి చెల్లించాలని రాయించుకోవాలి. ‘ఇతర రుసుములు’ అని రాసిన రసీదుతో తర్వాత ఒక్క రూపాయి వెనక్కి రాదు. ఖాళీ బాండ్ పేపరు మీద, తేదీ లేని చెక్కు మీద సంతకం పెట్టవద్దు.

ఇంటర్ అయి ఇప్పుడు చేరబోయేవాళ్లకు పొరపాట్లు ఎక్కువగా జరిగేది వేరే చోట్ల. మేనేజ్‌మెంట్ కోటాకు, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లను కళాశాల నింపుకునే స్పాట్ అడ్మిషన్‌కు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘సీటు మేం ఇప్పిస్తాం, స్కాలర్‌షిప్ కూడా వస్తుంది’ అనే దళారి మాట నమ్మి స్పాట్‌లో చేరినవాళ్లు నాలుగేళ్లూ సొంత డబ్బే కడుతున్నారు. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా పేరుంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది, కాబట్టి ఆధార్ సవరణ సెలవుల్లోనే ముగించాలి. ఆదాయ ధ్రువపత్రం పాతదైతే తిప్పి పంపుతారు. హాజరు 75 శాతం తగ్గితే ఆ ఏడాది మంజూరు పోతుంది. డిటైన్ అయి మళ్లీ చదివే ఏడాదికి డబ్బు రెండోసారి ఇవ్వరు. ఏడాది డిగ్రీ చదివి ఆ స్కాలర్‌షిప్ వాడుకుని, మానేసి బీటెక్‌లో చేరితే చిక్కు తప్పదు. ఇవేవీ చూసుకోకుండా వెబ్ ఆప్షన్లలో కళాశాల పేరు మాత్రమే చూసి పెట్టడం పెద్ద నష్టం. ప్రతి కళాశాల కోడ్ పక్కన ఫీజు ఉంటుంది, పరిమితి వర్తించేవాళ్లు అందులోంచి 35 వేలు తీసేసి నాలుగుతో గుణించాకే వరుస నిర్ణయించుకోవాలి. తేడా మోయలేమనుకుంటే నాలుగు లక్షల దాకా తాకట్టు లేని విద్యారుణం ఉంది. మూడేళ్ల పాలిటెక్నిక్ చేసి ఈసెట్ ప్రవేశ పరీక్షతో నేరుగా బీటెక్ రెండో ఏటిలో చేరే దారీ ఉంది.

డబ్బు ఎవరి ఖాతాలో వేయాలన్నదే ఇప్పుడు తేలాల్సింది. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ 2020–21 విద్యాసంవత్సరం నుంచి తల్లుల ఖాతాలో వేసి చూసింది. కొన్ని కుటుంబాలు కళాశాలకు కట్టలేదన్న ఫిర్యాదులు వచ్చాయి, 2024లో ప్రభుత్వం మారాక డబ్బు మళ్లీ కళాశాలలకే వెళ్తోంది. ఎస్సీ విద్యార్థుల విషయంలో కేంద్రం తన 60 శాతం వాటాను ఆధార్‌తో కలిపిన విద్యార్థి ఖాతాలోకే పంపుతామంటోంది. యాజమాన్యాలు తమ ఖాతానే కావాలంటున్నాయి. ఏ ఖాతాలో వేసినా, సర్కారు వాటా ఆలస్యమైతే దాన్ని విద్యార్థి దగ్గర అడగకూడదన్న నిబంధన ఉత్తర్వులో రాతపూర్వకంగా ఉంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.