రెండు దారులూ పడుగుపాడు మీదుగానే

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. నెల్లూరు నుంచి విజయవాడ వైపు రెండు దారులున్నాయనుకున్న మనకి, ఆ రెండూ ఒకే నీటికి అడ్డంగా ఉన్నాయని అప్పుడు తెలిసింది. సర్వర్ నుంచి డిస్కుకి వెళ్లే కేబుళ్ల కథ కూడా చాలావరకు ఇదే.

1986లో ప్రమాణంగా మారిన స్కజీ (SCSI) అనే పాత డిస్కు కనెక్షన్ పద్ధతిలో ఒకే వరస కేబుల్ ఉండేది. డిస్కుల్ని నడిపే కంట్రోలర్‌తో కలిపి ఎనిమిది పరికరాలు దానికే తగిలించేవారు. కేబుల్ కొసన బిగించే టెర్మినేటర్ అనే ముక్క వదులైతే చాలు, వరసంతా మొరాయించేది. 1988లో బర్కిలీ నుంచి పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన రెయిడ్ పత్రంతో డిస్కు చచ్చినా డేటా బతికే పద్ధతికి పేరొచ్చింది. అయితే డిస్కులన్నీ బాగానే ఉండి కేబులే పోతే? రెయిడ్ ఉన్నా ఆఫీసు ఆగినట్టే.

దీనికి జవాబు అంతకుముందే ఉంది, కాకపోతే బ్యాంకుల లాంటి డబ్బున్న వాళ్ల దగ్గర. 1976లో మొదలైన టాండెమ్ కంపెనీ నాన్‌స్టాప్ యంత్రాల్లో కంట్రోలర్‌కి రెండు పోర్టులు, ఒక్కోటి ఒక్కో ప్రాసెసర్‌కి. 1990ల్లో ఫైబర్ ఛానల్ అనే కనెక్షన్ పద్ధతి ఈ ఆలోచనని డిస్కు దాకా తెచ్చింది. డిస్కుకే రెండు పోర్టులు, డిస్కులుండే షెల్ఫుకి రెండు లూపులు, అంటే రెండు వేర్వేరు దారులు.

దాంతో కొత్త తలనొప్పి. రెండు దారుల్లో కనిపించిన ఒకే డిస్కుని ఆపరేటింగ్ సిస్టమ్ రెండు డిస్కులనుకుంటుంది. రెండు పేర్లనీ నమ్మి ఎవరైనా వేర్వేరుగా రాస్తే డేటా గోవిందా. డిస్కు సొంత గుర్తింపు సంఖ్య చూసి 'ఈ రెండూ ఒకటే' అని తేల్చి, ఒక దారి పోతే రెండోదానికి మళ్లించే పనే మల్టీపాత్ సాఫ్ట్‌వేర్‌ది. కేబుల్ కొనడం తేలిక, దీన్ని సరిగ్గా అమర్చడమే అసలు టెన్షన్.

2004 ప్రాంతంలో శాస్ (SAS) అనే రకం సర్వర్ డిస్కులొచ్చాయి. మామూలు కంప్యూటర్లలో ఉండే సాటా (SATA) డిస్కు వెనక డేటా పిన్నులకీ పవర్ పిన్నులకీ మధ్య ఖాళీ ఉంటుంది, చూసే ఉంటారు. శాస్‌లో ఆ ఖాళీని పూడ్చి, దాని వెనక వైపు రెండో పోర్టు పిన్నులు పెట్టారు. ఆ చిన్న ముక్కలోనే ఉంది తేడా అంతా. సాటా చవక, దారి ఒక్కటే.

ట్రంకు రోడ్డు పక్క ఒక ఆఫీసులో నేను చూసిన సర్వర్‌కి శాస్ డిస్కులే, కేబుళ్లూ రెండే. ఒకరోజు పొద్దున్నే మొత్తం ఆగింది. వెనక్కి వెళ్లి చూస్తే రెండు కేబుళ్లూ సర్వర్‌లోని ఒకే కంట్రోలర్ కార్డులో గుచ్చి ఉన్నాయి. పోయింది ఆ కార్డే. బిగించినతన్ని తప్పుపట్టలేం, కార్డుకి రెండు రంధ్రాలుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. తర్వాత రెండో కార్డు తెప్పించి ఒక కేబుల్ అందులోకి మార్చారు. పవర్ సప్లైలు రెండూ మాత్రం ఇప్పటికీ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయి.